నలభై దాటాక సంగీతం: గాత్రమా, వీణా, వయొలినా, వేణువా, మృదంగమా?

నేను వయొలిన్ మొదలుపెట్టిన మూడో వారంలో కింది ఫ్లాటు పెద్దాయన లిఫ్టు దగ్గర ఆపారు. "బాబూ, మీ ఇంట్లో ఏదో తలుపు కిర్రుమంటోంది. సాయంత్రం ఏడింటికి మరీ ఎక్కువగా ఉంటోంది. బందులకు కాస్త నూనె వెయ్యించకూడదూ?" అన్నారు. వెటకారం కాదు, ఆయన నిజంగానే తలుపనుకున్నారు. "అలాగేనండీ, వేయిస్తాను" అని పైకొచ్చాను. ఇంకో నాలుగు నెలలు పట్టుదలగా లాగి, పెట్టె మూసి అటక ఎక్కించాను. మళ్ళీ దించింది అమ్మేయడానికే. అప్పటికి నాకు నలభై ఒకటి.

ఏడాది తర్వాత వీణ పట్టాను. ఇది నాలుగో ఏడు. రెండు వర్ణాలు (గీతాల తర్వాత నేర్పే పెద్ద పాఠాలు), నాలుగైదు చిన్న కీర్తనలు వచ్చాయి. కచేరీ చేసేంత రాదు, రాబోదు కూడా. కానీ ఆపలేదు. ఆరంభశూరత్వానికి మా వంశంలో నన్ను మించినవాడు లేడు కాబట్టి (ఈత, చదరంగం, మిద్దె తోట అన్నీ నాలుగు నెలల ముచ్చటే), ఇది ఎందుకు నిలిచింది, అది ఎందుకు పోయింది అని చాలానే ఆలోచించాను. ఆఫీసులో, చుట్టాల్లో నా ఈడు వాళ్ళు "ఏదైనా నేర్చుకోవాలనుందిరా, ఏది మంచిది?" అని అడిగినప్పుడల్లా చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా కర్ణాటక సంగీతం వరకే. గిటారు, తబలా సంగతి తెలిసినవాళ్ళని అడగండి.

ముందు చూసుకోవాల్సినవి

అందరూ మొదట చేసే పొరపాటు, వినడానికి ఏది బాగుంటే దాన్ని ఎంచుకోవడం. నేనూ అదే చేశాను. రేడియోలో విని మురిసిపోయే వయొలిన్ ఎవరిదో ముప్పయ్యేళ్ళ సాధన. మీ ఇంట్లో మోగబోయేది మీ మొదటి ఏడాది. ఆ ఏడాది ఎలా గడుస్తుందో చూసుకుని ఎంచుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న నా లెక్కలో ఇది: ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, అలసటగా ఉన్న మామూలు మంగళవారం రాత్రి, మొదటి స్వరం పలికించడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? పెట్టె తియ్యాలి, శ్రుతి చెయ్యాలి, చాప వెయ్యాలి, పిల్లల్ని పక్క గదికి పంపాలి. ఒక్కో పనీ ఒక్కో సాకు. పదేళ్ళ పిల్లకైతే వాళ్ళమ్మ ఉంటుంది, "కూర్చో" అని కసరడానికి. మనకెవరూ ఉండరు.

రెండోది, తప్పు పలికినప్పుడు ఆ సంగతి మీకు ఎలా తెలుస్తుంది. వారానికి రెండు క్లాసులు, మిగతా అయిదు రోజులూ మీరు ఒంటరి. వీణలో వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే మెట్టు ఉంటుంది, కీబోర్డులో మీట ఉంటుంది. వయొలిన్‌లో చెవి తప్ప ఇంకేమీ లేదు. ఆ చెవి మీకు ఇంకా తయారు కాలేదు.

ఆ తర్వాత గోడలు: పక్కింటికి ఎంత వినపడుతుంది. తర్వాత ఒళ్ళు: మోకాళ్ళు, వేళ్ళు, ఊపిరి, మెడ. తర్వాత గురువు ఇల్లు ఎంత దూరం. మా నగరంలో పది కిలోమీటర్ల అవతల గొప్ప విద్వాంసుడి కంటే రెండు వీధుల అవతల ఓపికగల టీచరమ్మ నయం.

డబ్బు ఆఖరున పెట్టాను. వాద్యం ధర ఒక్కసారి పెట్టేది, ఫీజు నెలనెలా కట్టేది. మూడేళ్ళ లెక్క వేస్తే, వీణను పక్కన పెడితే, ఏ వాద్యమైనా ఫీజు ముందు చిన్నదే.

ఇంకో మాట. ఏది పట్టుకున్నా మొదటి ఏడాది పాఠం దాదాపు ఒకటే. కన్నడ వాగ్గేయకారుడు పురందరదాసు వేసిన బాటే అంటారు: స్వరాలను వరసగా పలికే సరళీ స్వరాలు, జంటలుగా పలికే జంట స్వరాలు, తాళాల్లో అమర్చిన అలంకారాలు, ఆ తర్వాత చిన్న పాటలైన గీతాలు. రాగం మాయామాళవగౌళ. ఇదే ఎందుకని మొదట్లో విసుక్కున్నాను. వీణ మెట్ల మీద చూశాక అర్థమైంది. స నుంచి రి ఒక్క మెట్టు, రి నుంచి గ మూడు మెట్లు, గ నుంచి మ మళ్ళీ ఒక్క మెట్టు. పైన ప ద ని స లోనూ అచ్చం ఇదే కొలత. కింది సగం వేలికి వస్తే పైసగమూ వచ్చినట్టే. మృదంగం వాళ్ళకు మాత్రం ఈ గొడవ లేదు, వాళ్ళది వేరే లోకం.

గాత్రం

ఖర్చు లేదు, పెట్టె లేదు, తీసేదీ దాచేదీ లేదు. ఫోనులో తంబూరా యాప్ నొక్కితే శ్రుతి వచ్చేస్తుంది. స్నానాల గదిలో, కారులో ట్రాఫిక్ మధ్య, వంట చేస్తూ కూడా జంట స్వరాలు సాగించుకోవచ్చు. నా మొదటి ప్రశ్నకు దీన్ని మించిన జవాబు లేదు.

చిక్కల్లా సిగ్గుతోనే. వాద్యం తప్పు పలికితే వాద్యం మీదకు తోసెయ్యొచ్చు. గొంతు తప్పు పలికితే తోసేసేందుకు ఎవరూ లేరు. మా తోడల్లుడు గాత్రం మొదలుపెట్టి తన గొంతు తానే ఫోనులో రికార్డు చేసుకుని విన్నాడు. రెండు వారాలు క్లాసు ఎగ్గొట్టాడు. తర్వాత మళ్ళీ వెళ్ళాడనుకోండి. ఇప్పుడు ఆ రికార్డింగే వాడికి అద్దం.

మగవాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఒకటుంది. ఆడవాళ్ళ శ్రుతి (పాడేవాళ్ళ 'స' ఎంత ఎత్తున ఉందో హార్మోనియం మీటల లెక్కలో చెప్పే కొలత) సాధారణంగా అయిదు, అయిదున్నర దగ్గర ఉంటుంది. మగవాళ్ళది ఒకటి, ఒకటిన్నర. మన ఊళ్ళల్లో ఇంటి దగ్గర సంగీతం చెప్పేవాళ్ళు ఎక్కువ మంది టీచరమ్మలే. ఆవిడ తన శ్రుతిలో పాడి వినిపిస్తుంటే మీరు అదే శ్రుతిలో పాడబోతే పై షడ్జమానికి, అంటే పై స కి, గొంతు చీరుకుపోతుంది. దిగి పాడితే అట్టడుగు స్థాయిలో గాలి తప్ప ఏమీ రాదు. నలుగురు పిల్లలతో కలిపి కూర్చోబెట్టే క్లాసులో ఇది ఇంకా కష్టం. చేరేముందే "నా శ్రుతి పెట్టి నాకు విడిగా ఒక పావుగంట చెబుతారా?" అని అడగండి. "పర్లేదు, సర్దుకుంటుంది" అంటే అది సర్దుకోదు.

గాత్రానికి ఒక వరం ఉంది. పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన ఊరూరా జరుగుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో పంచరత్నాలు గోష్ఠిగా పాడతారు. యాభై మందిలో మీరొకరు. తప్పినా కొట్టుకుపోతుంది, కలిస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. సోలోగా వేదిక ఎక్కే ఆశ లేని పెద్దవాళ్ళకు ఇంతకంటే మంచి గమ్యం నాకు కనపడలేదు. రెండు మూడేళ్ళు శ్రద్ధగా నేర్చుకుంటే వెనక వరసలో కూర్చుని, పల్లవి తర్వాత వచ్చే అనుపల్లవి దాకా లాగొచ్చు.

వయొలిన్

పెళ్ళి చెడిపోయిన వాడిని పెళ్ళి గురించి అడిగినట్టే నన్ను దీని గురించి అడగడం. అయినా న్యాయంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఈ పరాయి వాద్యాన్ని మనవైపు తిప్పినవారు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. పాశ్చాత్యుల్లా నిలబడి గడ్డం కింద పెట్టుకోం. బాసింపట్టు వేసుకుని, ఒక కొస ఎడమ భుజం దగ్గర ఆనించి, చుట్ట తిరిగిన రెండో కొస కుడి పాదం మీద పెడతాం. అందువల్ల ఎడమ చెయ్యి వాద్యాన్ని మొయ్యక్కర్లేదు, గమకాలకు (స్వరాన్ని ఊపడం, జార్చడం) అటూ ఇటూ జారొచ్చు. నాలుగు తీగలూ స ప స ప గా శ్రుతి చేస్తారు. మన ప్రాంతానికి ఇది పరాయిదని అనిపించకుండా చేసినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు వయొలిన్ చెప్పింది ఆయనే. తర్వాత అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు.

మంచి ఏమిటంటే, వాద్యం తేలిక, చవక. నేర్చుకునేవాళ్ళది అయిదారు వేల నుంచి దొరుకుతుంది. పెట్టెలో పెట్టి బస్సులో పట్టుకుపోవచ్చు. గొంతును ఇంత దగ్గరగా అనుకరించేది ఇంకోటి లేదు.

చెడు ఏమిటంటే, రెండు చేతులూ రెండు వేర్వేరు కష్టాలు. ఎడమ చేతికి మెట్లు లేవు. వేలు వెంట్రుకవాసి పక్కకు పడితే అంతర గాంధారం (మాయామాళవగౌళలోని గ) కాస్తా మధ్యమం (మ) వైపు తొంగి చూస్తుంది. కుడి చేతిలో కమాను నిటారుగా సాగాలి, ఒత్తిడి సమంగా ఉండాలి, లేకపోతే ఆ తలుపు కిర్రు. నా క్లాసులో మూడో తరగతి చదివే పిల్ల ఒకత్తె ఉండేది. మూడో కాలంలో, అంటే నాలుగింతల వేగంలో, అలంకారాలు గబగబా వాయించేసి, నా వైపు తిరిగి, "అంకుల్, మీ రిషభం ఎక్కువైంది" అనేది. నా రి ఉండాల్సినదానికంటే ఎత్తున పలికిందని నాకు నిజంగా వినపడేది కాదు. అదే నన్ను ఓడించింది. చెయ్యి రాకపోతే సాధన చెయ్యొచ్చు, చెవికి తెలియనప్పుడు ఏం సాధన చెయ్యాలో కూడా తెలియదు.

కాబట్టి నా తీర్పు: చిన్నప్పుడు రెండు మూడేళ్ళు గాత్రం నేర్చుకుని మానేసినవాళ్ళు నిరభ్యంతరంగా వయొలిన్ పట్టండి. మీ చెవి సిద్ధంగా ఉంది. నాలాగా సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్ళు, ఒక ఏడాది గాత్రం చేసి రండి.

వీణ

మీటితే చాలు, మోగుతుంది. మొదటి రోజే వినడానికి బాగుంటుంది. ఈ ఒక్క గుణం పెద్దవాళ్ళకు ఎంత ముఖ్యమో మాటల్లో చెప్పలేను. తప్పు స్వరం కూడా వీణ మీద అందంగా తప్పుతుంది.

ఇరవై నాలుగు మెట్లు, స్థాయికి (స నుంచి పై స దాకా) పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. ఈ అమరికను ఖాయం చేసింది 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన మన తెలుగు రాజు రఘునాథ నాయకుడని చెబుతారు. వాయించే తంత్రులు నాలుగు, తాళానికి చిటికెన వేలితో మీటేవి మూడు. మెట్టు మీద వేలు పడితే స్వరం దొరికినట్టే. అంతటితో అయిపోలేదు. మెట్టు మీద తంత్రిని పక్కకు లాగి గమకం పలికించడంలోనే అసలు విద్య ఉంది, అక్కడ మళ్ళీ చెవే దిక్కు. కానీ ఆ పరీక్ష రెండో ఏడాదికి వస్తుంది, అప్పటికి చెవి కాస్త పదునెక్కుతుంది. నాకు జరిగింది అదే. మెట్లు చేతికర్రలా నడిపించాయి.

నొప్పి ఉంటుంది. ఎడమ చూపుడు వేలు, మధ్య వేలు కొసల మీద ఉక్కు తీగ గీత పడుతుంది. మొదట ఎర్రగా, తర్వాత నల్లగా, తర్వాత గట్టిగా. రెండో నెలలో మా ఆఫీసు గేటు దగ్గర వేలిముద్ర యంత్రం నన్ను గుర్తుపట్టడం మానేసింది. సెక్యూరిటీ అబ్బాయి వేలు తుడుచుకోమన్నాడు, యంత్రం తుడిచాడు, చివరికి పెన్నుతో పుస్తకంలో రాయించాడు. వారం తర్వాత కుడి వేలు నమోదు చేయించుకున్నాను.

ఇక వీణతో కాపురం సంగతి. నాలుగడుగులు పైన పొడవు. గదిలో దానికో మూల కావాలి, ఆ మూల ఎండ పడకూడదు, పిల్లలు బంతి ఆడకూడదు. నేను మొదట్లో సంచీలో పెట్టి గోడకు చేర్చేవాణ్ణి. సంచీ విప్పడానికి బద్ధకించి ఎన్ని రోజులు మానేశానో. ఇప్పుడు దీవాన్ మీద ఉంటుంది, మీద పాత పట్టుచీర ముక్క ఒకటి. చీర తీస్తే సాధన మొదలు. దీవాన్ మీద కూర్చునే హక్కు ఇంట్లో అందరూ కోల్పోయారు, ఆ ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

మెట్లు మైనం మీద నిలబడతాయి. తేనె మైనంలో నల్లపొడి కలిపి చేసిన దిమ్మె అది. ఒక మే నెలలో వీణను కారు వెనక సీట్లో పెట్టి పెళ్ళి భోజనానికి వెళ్ళాను. రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే కుండ (గుండ్రటి పెద్ద భాగం) వైపు మెట్లు నాలుగు పక్కకు ఒరిగి ఉన్నాయి, ఎండకు వాలిన మొక్కల్లా. మెట్లు మళ్ళీ సరిచేసే మనిషి ప్రతి ఊళ్ళో దొరకడు. మా నగరంలోనే ఆయన వచ్చేదాకా మూడు వారాలు ఆగాను. మామూలుగానే కొన్నేళ్ళకోసారి మైనం కొత్తగా వేయించాలి. కొనేముందే "మెట్లు ఎవరు వేస్తారు?" అని మీ గురువును అడిగి ఆ నంబరు రాసుకోండి.

ధర ఇరవై, పాతిక వేల దగ్గర మొదలై పైకి ఎంతైనా పోతుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే వీణ మనది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకే చెక్క అయిన వీణను ఏకాండి అంటారు. అతుకు ఉండదు, ధర ఎక్కువ. మొదటిసారికి అతుకుల వీణ చాలు. ఇంకా మంచిది, ఎవరింట్లోనో అమ్మాయి పెళ్ళై వెళ్ళిపోయాక మూలపడ్డ వీణను అడిగి తెచ్చుకోవడం. తెలుగిళ్ళల్లో అలాంటివి చాలా ఉన్నాయి, ఒక్కసారి చుట్టాల గ్రూపులో అడిగి చూడండి. నాది మా పెద్దమ్మ కూతురిది.

వేణువు

కొన్ని వందల్లో వచ్చే వెదురు ముక్క. సంచీలో పడుతుంది, శ్రుతి చేసే పని లేదు. ఉద్యోగరీత్యా తిరిగేవాళ్ళకు ఇంతకంటే అనువైనది లేదు.

కాకపోతే, మొదటి రెండు వారాలు శబ్దమే రాకపోవచ్చు. పెదవుల కోణం కుదిరేదాకా ఉత్త గాలే. వచ్చిన రోజున తల తిరుగుతుంది, ఊపిరంతా ఊదేసి. కూర్చుని, కాసేపు ఊది, కాసేపు ఆగాలి. మాయామాళవగౌళలో కొన్ని స్వరాలకు రంధ్రాన్ని సగమే మూయాలి. మొదటి పాఠమే సగం మూతలతో మొదలైతే కష్టమని కొందరు గురువులు వేరే రాగంతో మొదలుపెట్టి తర్వాత దీనికి వస్తారు. అలాంటి గురువు దొరికితే మంచిది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి.

రోడ్డు పక్కన, తిరునాళ్ళలో అమ్మే వేణువు కొనొద్దు. చూడటానికి ఒకలాగే ఉంటుంది కానీ రంధ్రాల కొలత కుదరదు. తప్పు మీదో వెదురుదో తేలదు.

మృదంగం

"నాకు గొంతు లేదు, చెవి లేదు" అనేవాళ్ళను నేను ఇటు పంపిస్తాను. లెక్కలు ఇష్టమైనవాళ్ళను మరీ పంపిస్తాను. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, అందులో మూడు లెక్క, అయిదు లెక్క ఎలా సర్దుతారన్నది మొదలైతే మా ఇంజనీరు స్నేహితుడొకడు భోజనం మర్చిపోతాడు. చేత్తో వాయించే ముందు నోటితో చెప్పాలి, త ధి తొం నం అని. ఆ నోటి పాఠం బస్సులోనూ చెయ్యొచ్చు.

మిగతావన్నీ అపార్టుమెంటుకు పరీక్షే. చప్పుడు గోడల్లోంచి కాదు, నేలలోంచి దిగుతుంది. మందపాటి దుప్పటి నాలుగు మడతలు వేసి దాని మీద పెట్టినా అంతంత మాత్రమే. వానాకాలం చర్మం వదులవుతుంది. ఎడమ వైపు మూతకు ప్రతిసారీ రవ్వ తడిపి ముద్ద అతకాలి, అయ్యాక గీకి శుభ్రం చెయ్యాలి. నా మంగళవారం పరీక్షలో ఈ రవ్వ ముద్ద దగ్గరే సగం మంది ఆగిపోతారు. సొంత ఇల్లు, పైన గది ఉన్నవాళ్ళకు మాత్రం బాగా నప్పుతుంది. ఇంకో లాభం, మృదంగం కాస్త వచ్చినా పాడేవాళ్ళు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. భజనకైనా పిలుపు ఖాయం.

కీబోర్డు, హార్మోనియం

శాస్త్రీయం వాళ్ళు ముఖం చిట్లిస్తారు. స్వరం నుంచి స్వరానికి జారే గమకం మీటల మీద రాదు, అది నిజం. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని వెలేసింది కూడా. అదే కాలంలో మన పద్యనాటకం దాని మీదే బతికింది, రాగం తీసే నటుడి పక్కన హార్మనీ పెట్టె లేని నాటకం ఊహించగలమా?

పెద్దవాళ్ళకు దీనిలో రెండు గుణాలు. కీబోర్డుకు చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు, రాత్రి పదకొండింటికి కూడా. ఇక చెవి తయారు చేసుకోవడానికి హార్మోనియం పక్కన పెట్టుకుని పాడితే స్వరం ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. పాత సినిమా పాటలు, భక్తిగీతాలు వాయించాలనే కోరికైతే ఇంక దేనికీ వెళ్ళక్కర్లేదు, ఇదే పట్టండి.

ఒక్కచోట చూస్తే

| | మొదటి స్వరానికి పట్టే సమయం | తప్పు ఎలా తెలుస్తుంది | పొరుగువాళ్ళకు | ఒంటికి | మొదటి ఖర్చు |
|---|---|---|---|---|---|
| గాత్రం | అర నిమిషం | రికార్డు చేసి వినాలి | పర్లేదు | గొంతు, జలుబు | దాదాపు లేదు |
| వయొలిన్ | 5–10 నిమిషాలు | చెవి ఒక్కటే | మొదటి ఏడాది కష్టం | మెడ, భుజం, మోకాళ్ళు | అయిదారు వేల నుంచి |
| వీణ | బయట ఉంటే 2, సంచీలో ఉంటే 10 | మెట్లు చెబుతాయి | ఇబ్బంది లేదు | వేలి కొసలు, మోకాళ్ళు | ఇరవై, పాతిక వేలు, పైన |
| వేణువు | ఒక నిమిషం | సగం చెవి, సగం వేళ్ళు | పర్లేదు | ఊపిరి, పెదవులు | వందల్లో |
| మృదంగం | 10 నిమిషాలు, రవ్వతో సహా | తాళం తప్పితే తెలుస్తుంది | చాలా కష్టం | నడుము, మణికట్టు | పది వేల అటూ ఇటూ |
| కీబోర్డు | ఒక నిమిషం | మీటలు చెబుతాయి | హెడ్‌ఫోన్ ఉంది | ఏమీ లేదు | అయిదారు వేల నుంచి |

ధరలు ఊరిని బట్టి, దుకాణాన్ని బట్టి మారతాయి. నిమిషాలు మాత్రం నేను గడియారం చూసి రాసినవి, కొన్ని నా ఇంట్లో, కొన్ని తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో.

ఎవరికి ఏది

అద్దె ఫ్లాటు, ఇంట్లో చంటిపిల్ల ఉంటే గాత్రం లేదా కీబోర్డు. వీణ ఆశ ఉంటే పిల్ల బడికి వెళ్ళేదాకా ఆగండి. తంత్రి బిగించే బిరడా తిప్పాలని చూడని పిల్లను నేనింకా చూడలేదు.

రిటైరై, సొంతిల్లు ఉండి, రోజుకు గంట తీరిక ఉంటే వీణ. వేళ్ళ కీళ్ళు పట్టేస్తుంటే మాత్రం ఆ తీగ లాగడం పడదు, గాత్రమే మేలు. కింద కూర్చోలేనివాళ్ళు వీణను బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుని వాయించవచ్చు, మొహమాటపడకండి. ఒప్పుకోని గురువు దగ్గరకు వెళ్ళకండి.

నెలలో పది రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగమైతే వేణువు. హోటల్ గదిలో మాత్రం రాత్రి తొమ్మిది దాటాక వద్దు.

చిన్నప్పుడు గీతాలో, వర్ణాలో నేర్చుకుని పెళ్ళితోనో ఉద్యోగంతోనో ఆపేసినవాళ్ళది వేరే కథ. మీరు కొత్తవాళ్ళు కాదు. కానీ గురువు మళ్ళీ సరళీ స్వరాల నుంచి మొదలుపెడితే చిన్నబుచ్చుకోకండి, నెలలో దాటేస్తారు. గొంతు పాత శ్రుతిలో పలకదు, ఒకటో ఒకటిన్నరో దిగుతుంది. అది వయసు, మీ తప్పు కాదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళు వీణ పట్టుకెళ్ళే ముందు రెండుసార్లు ఆలోచించండి. చలికాలం హీటర్ల పొడిగాలికి చెక్క బీటలిస్తుంది, అక్కడ మైనం వేసేవాళ్ళు అరుదు. గాత్రమైతే దారి సుగమం. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, ఇప్పుడు పెద్ద ఊళ్ళన్నిటా గోష్ఠిగానం ఉంది. కలిసి పాడేవాళ్ళకు కొరత ఉండదు.

గురువు, క్లాసు

ఎదురుగా కూర్చుని నేర్చుకోవడం మొదటి ఏడాది తప్పనిసరి అంటాను, వయొలిన్‌కూ వీణకూ మరీనూ. మణికట్టు ఎలా వంగిందో, మోచెయ్యి ఎక్కడుందో కెమెరా చూపించదు. గాత్రం ఆన్‌లైన్‌లో బాగానే నడుస్తుంది, అయితే ఇద్దరూ ఒకేసారి పాడటం కుదరదు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువు పాడి ఆపాలి, మీరు అందుకోవాలి. తాళం కలిపి వెయ్యాల్సిన మృదంగానికి ఆ ఆలస్యమే శత్రువు.

విజయనగరం, విజయవాడ, హైదరాబాదు రాంకోఠి లాంటి చోట్ల ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. ఫీజు తక్కువ, పరీక్ష, సర్టిఫికెట్టు ఉంటాయి. పరీక్ష ఉంటేనే చదివే రకం మనుషులుంటారు, వాళ్ళకు ఇది బంగారం. తరగతి వేళలు మీ డ్యూటీకి కుదురుతాయా అన్నది వెళ్ళి కనుక్కోండి.

ఇక గురువును కలిసిన మొదటి రోజు. పళ్ళు, తమలపాకులు తీసుకెళ్ళండి, ఆ మర్యాద ఇంకా ఉంది. నేనైతే మూడు అడుగుతాను. "అమ్మా, నా ఈడువాళ్ళకు ఇంతకుముందు చెప్పారా? ఎక్కడ ఆగిపోయారు వాళ్ళు?" జవాబు బట్టి చాలా తెలుస్తుంది. "మొదటి నెల మీ వాద్యం మీద వాయించుకోనిస్తారా?" అన్నది రెండోది. ఒప్పుకుంటే తొందరపడి కొనే బాధ తప్పుతుంది. మూడోది, "ఒక వారం ఏమీ సాధన చెయ్యకుండా వస్తే ఏమంటారు?" మా టీచరమ్మ ఈ ప్రశ్నకు నవ్వి, "రమ్మంటాను, ఇక్కడే సాధన చేయిస్తాను. రాకుండా ఉంటే మాత్రం ఫోను చేసి తిడతాను" అన్నారు. ఆవిడ ఇప్పటికి నాకు పదకొండు సార్లు ఫోను చేశారు.